రెండు చెవుల్లో రెండు అంకెలు

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు నా కంప్యూటర్‌కు ఒక్క మాటే మిగిలింది. బటన్.

ట్యాబ్ నొక్కితే బటన్. మళ్లీ నొక్కితే బటన్. నలభై సార్లు నొక్కాను, నలభై సార్లూ బటనే. దేని బటన్, నొక్కితే ఏమవుతుంది, చెప్పదు. ఊర్లో ఎదురొచ్చిన ప్రతివాడూ పేరడిగితే "మనిషిని" అని మాత్రం చెప్పి పక్కకు తప్పుకుంటే ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది.

నాకు చూపు లేదు. నాలుగేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. మలక్‌పేట హాస్టల్లో ఉండి చదివాను. కంప్యూటర్ మాత్రం ఎవరూ నేర్పలేదు, నేనే కొట్టుకుని నేర్చుకున్నాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది, ఉచితంగానే దొరుకుతుంది. అది చదువుతుంది, నేను విని కీబోర్డు మీద పని చేస్తాను. మౌస్ ముట్టను.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు దిగి లోపలికొస్తే, మా ఇంటి ముందర గదే పాలకేంద్రం. నడిపేది మా బాపు లింగస్వామి. పొద్దున, సాయంత్రం కలిపి నలభై మంది దాకా బర్రెపాలు తెస్తారు. బాపు చిన్న గిన్నెలో పాలు తీసి పరీక్ష మిషన్ కింద పెడతాడు. పాలల్లో వెన్న ఎంతుందో మిషన్ మీద అంకె పడుతుంది. దాన్ని ఫ్యాట్ అంటాం, అది ఎంత ఎక్కువుంటే పాలకు అంత ఎక్కువ డబ్బులు. బాపు అంకె చూసి పైకి చెబితే, నేను కంప్యూటర్‌లో కొట్టి చీటీ తీసిస్తాను. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్, అది కంప్యూటర్‌కు. కుడి చెవి లైనుకు. మూడేళ్లు ఇదే పని. పాత సాఫ్ట్‌వేర్ చూడటానికి మొరటుగా ఉంటుందని అందరూ అనేవాళ్లు. నాతో మాత్రం మర్యాదగా మాట్లాడేది.

కొత్తదాన్ని తెచ్చినవాడు పరమేష్ సారు, పాల కంపెనీ సూపర్‌వైజర్. మిరుగు కార్తె చొచ్చి వానలు మొదలైన వారానికి, తడిసిన బండి మీద వచ్చి ఎక్కించిపోయాడు.

"ఇగ మిషన్ నుంచి వైరు సక్కగ కంప్యూటర్లకే పోతది. అంకె దానంతట అదే పడ్తది. కొట్టే పనే లేదు," అన్నాడు.

"సారూ, ఇది మాట్లాడుతలేదు."

"ఏది?"

"మీ సాఫ్ట్‌వేర్. బటన్ అంటుంది, ఏం బటనో చెప్తలేదు."

"బొమ్మలున్నయమ్మా. బర్రె బొమ్మ, డబ్బా బొమ్మ, చీటీ బొమ్మ. చిన్న పోరగాండ్లు సుత గుర్తుపడ్తరు."

"చిన్న పోరగాండ్లకు కండ్లున్నయి."

ఆయన దగ్గాడు. మంచివాడే, నా మాటకు నొచ్చుకోలేదు. కానీ పై నుంచి వచ్చిన ఆర్డరు చదివినట్టే చెప్పాడు. దసరా దాకా పాతది నడుస్తుంది, కొత్తది పక్కన పెట్టుకుని నేర్చుకోవాలి. దసరా ముందర ఆయనొచ్చి చూస్తాడు. ఇంట్లో ఎవరో ఒకరు, పొద్దటి పాలు మొత్తం, ఎవరి సాయం లేకుండా కొత్తదాని మీద నడిపి చూపాలి. లేదంటే కేంద్రం రోడ్డు మీదున్న రాంచంద్ర షెడ్డుకు పోతుంది. రాంచంద్ర మా కేంద్రంలో అందరికంటే ఎక్కువ పాలు పోసేవాడు, పూటకు ఇరవై లీటర్లు. ఆయన కోడలు డిగ్రీ చదివింది.

బాపు కంప్యూటర్ ముట్టడు. "కేంద్రం పోతె పోనీ బిడ్డా. మనకు తిండికి తక్కువున్నదా?" అన్నది మా అమ్మ సిద్దమ్మ.

తిండికి తక్కువ లేదు. రెండు బర్రెలున్నాయి, ఎకరం పొలముంది. పోయేది నా కుర్చీ. కుర్చీ పోతే నేను మళ్లీ గోడకు ఆనుకుని కూర్చునే మనిషినవుతాను. వచ్చిన చుట్టాలు నన్ను దాటి అమ్మను అడుగుతారు, "పిల్ల తిన్నదా?" అని. ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని.

సాఫ్ట్‌వేర్ తయారుచేసింది ఎవరో కనుక్కుని ఫోన్ చేశాను. నాలుగు చోట్ల తిప్పితే ఐదో చోట దొరికాడు, శ్యామ్ అని, వనస్థలిపురంలో ఉంటాడు. గోదావరి వైపు మాట.

"చాలా బాగా వచ్చిందండి ఈ వెర్షన్. చూశారా?"

"చూడలే. నాకు కండ్లు లేవు."

"సారీ అండి," అన్నాడు.

"నువ్వెందుకు సారీ, నువ్వు తీసినవా నా కండ్లు? నీ బటన్లకు పేర్లెందుకు లేవో గది చెప్పు."

"పేర్లా? బొమ్మ ఉంటే పేరెందుకని..."

"నువ్వు ఒక పూట మా కేంద్రానికి రా తమ్మీ. ఫోన్ల నువ్వు అర్థం కావు, నేను అర్థం కాను."

వస్తాడనుకోలేదు. వచ్చాడు, ఆదివారం పొద్దున, మొదటి డబ్బా దిగకముందే. పక్కన కూర్చుని, ఏం చేశాడో తెలుసా, రుమాలు తీసి కళ్లకు కట్టుకున్నాడట. లైనులో ఆడవాళ్లు నవ్వుతుంటే తెలిసింది.

"విప్పు," అన్నాను. "కండ్లకు గుడ్డ కట్టుకుంటె గుడ్డోనివి కావు, గుడ్డ కట్టుకున్నోనివైతవ్. నీకు భయమేస్తది, నాకు భయం లేదు. గంతే తేడా. నువ్వు నన్ను కాదు చూడాల్సింది, నీ సాఫ్ట్‌వేర్‌ను."

చెయ్యి చాపి మానిటర్ వైరు పీకేశాను. ఇయర్‌ఫోన్ లాగేసి స్పీకర్ పెట్టాను.

"ఇగ నడిపియ్యి. బొమ్మలు చేసింది నువ్వే గదా. రాంచంద్ర కాక ఇరవై లీటర్లు, ఎక్కించు."

ట్యాబ్ నొక్కాడు. బటన్. నొక్కాడు. బటన్. ఏడెనిమిది సార్లయ్యాక వేళ్లు ఆగిపోయాయి. కుర్చీ కిర్రుమన్నది.

"ఇది ఇంత స్పీడుగా మాట్లాడుతుందేంటండి? నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు," అన్నాడు, తప్పించుకోవడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"నువ్వు పేపర్ చదివేటప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటవా?"

"లేదు."

"నేను గంతే."

ఆ పిల్లవాడిలో నాకు నచ్చింది అదే. సిగ్గు తొందరగా వదిలిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి. పొరపాటున ఏదైనా నొక్కితే ఎట్లా తెలుస్తుంది, ఏ వరుసలో వినబడితే చేతికి అనువు, అంకె మారినప్పుడు వెంటనే చెప్పాలా, అడిగితేనే చెప్పాలా. నేనూ అడిగాను. బొమ్మ అంటే లోపల ఏముంటుంది, దానికి పేరెక్కడ పెడతారు అని. ప్రతి బటన్ వెనక పేరు రాసుకోవడానికి ఒక ఖాళీ ఉంటుందట. వాళ్లు రాయకుండా వదిలేశారట.

"ఒక్కోటి రాయనీకి ఎంతసేపు?"

"నిమిషం పడుతుందేమోనండి."

"ఎన్నున్నయి?"

"నలభై."

"నలభై నిమిషాలు లేక నన్ను ఇంట్ల కూసోబెడ్తున్నరా?"

పోయేటప్పుడు మానిటర్ వైరు మళ్లీ పెట్టబోయి ఆగి, "పెట్టమంటారా?" అని అడిగి పెట్టాడు.

బోనాలకు ముందు రెండో వెర్షన్ పంపాడు. ఉత్సాహంగా ఫోన్ చేసి, మీకోసం కష్టపడ్డాను, వినండి అన్నాడు. ట్యాబ్ నొక్కాను.

"అమ్మా, ఇక్కడ పాలు పోసేవారి పేరు రాయండమ్మా," అన్నది ఒక ఆడగొంతు, నిదానంగా, అరుగు మీద కూర్చుని పప్పు ఏరుకుంటూ చెప్పినట్టు. అదే సమయంలో నా స్క్రీన్ రీడర్, "బటన్," అన్నది. మళ్లీ నొక్కితే, "ఎన్ని లీటర్లో చూసి వేయండి తల్లీ." దాని మీద, "బటన్." నలభై బటన్లకూ నలభై మాటలు. ఒకటి పూర్తయ్యేలోపు నేను మూడు దాటిపోతాను, ఆమె మాత్రం వెనక నుంచి పిలుస్తూనే ఉంటుంది. ఆ పూట లైను రోడ్డు దాకా పోయింది.

"ఎవరిదిరా ఈ గొంతు?" అన్నాను శ్యామ్‌కు ఫోన్ చేసి.

"మా అమ్మదండి. కోటేశ్వరి. రెండు రోజులు కూర్చోబెట్టి రికార్డు చేశాను."

వెనక నుంచి ఆమే ఫోన్ లాక్కుంది. "ఏమ్మా, బాలేదా నా గొంతు?"

"గొంతు బంగారం లెక్కుందమ్మా. కాని మీ కొడుకు నాకు ఒక అమ్మను పంపిండు. నాకు ఇంట్ల ఒకామె ఉన్నది. నాకు బటన్ల పేర్లు కావాలె."

ఆమె గట్టిగా నవ్వింది. "నేను చెప్పానమ్మా వీడికి, ముందు ఆ పిల్లని అడగరా అని. వింటేగా."

శ్యామ్‌కు మరోసారి విడమరిచి చెప్పాను. నా కంప్యూటర్‌కు నోరు ఉంది. నువ్వు ఇంకో నోరు పెట్టొద్దు. నీ బటన్లకు పేర్లు పెట్టు, నా నోరు చదువుకుంటుంది. పేరు పొడుగ్గా పెట్టకు. "పేరు". "లీటర్లు". "చీటీ". అంతే.

ఆ రోజుల్లో బాపు ఒక మాట అడిగాడు, అన్నం తింటూ. "ఆ ఫ్యాట్ అంకె సుత చదువుతదా బిడ్డా?"

"ఇంకా లేదు. అది సుత బొమ్మలెక్కనే పెట్టిండ్రు."

"అది నేను చెప్త గదా. దానికెందుకు తకలీఫ్," అన్నాడు. నేను పట్టించుకోలేదు.

వినాయక చవితి తెల్లారి మూడో వెర్షన్ వచ్చింది. ఏం చెప్పాలి, గదిలో దీపం వేస్తే మీకు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, బహుశా అట్లాంటిదే. పేరు. లీటర్లు. చీటీ. ప్రతిదీ దాని చోట నిలబడి పేరు చెప్పింది. కళ్లున్న పరమేష్ సారు కంటే నేనే తొందరగా పోతున్నాను. చివరికి ఫ్యాట్ అంకె ఉన్న గడి కూడా మాట్లాడింది.

దసరా దాకా లెక్క పాతదే కాబట్టి, కొత్తది వింటూ, బాపు చెప్పిన అంకెను పాతదాంట్లో కొడుతున్నాను. ఐదారుగురు అయిపోయారు. తర్వాత అనంతమ్మ అత్త వచ్చింది. ఒంటరి మనిషి, ఒకటే బర్రె, పూటకు రెండు లీటర్లు.

ఎడమ చెవిలో కంప్యూటర్: "ఫ్యాట్, ఐదు పాయింట్ ఒకటి."

కుడి చెవిలో బాపు: "ఫ్యాట్ ఆరు పాయింట్ ఒకటి."

అలవాటుగా ఆరు పాయింట్ ఒకటి కొట్టాను. కొట్టాక చెయ్యి ఆగింది. వెనకవాళ్లు డబ్బా దించారు, మళ్లీ రెండు చెవుల్లో ఒకటే అంకె. మళ్లీ ఒకటే. రాంచంద్ర వచ్చాడు. ఎడమ చెవిలో ఏడు పాయింట్ ఒకటి. కుడి చెవిలో ఆరు పాయింట్ తొమ్మిది.

పాలు అయిపోగానే శ్యామ్‌కు ఫోన్ చేశాను. "నీ గడి తప్పు చదువుతుంది."

ఆ ఆదివారం మళ్లీ వచ్చాడు. మిషన్ పక్కన నిలబడి ఒక పూటంతా చూశాడు. బాపు డబ్బాలు కడగడానికి పోయాక, గొంతు తగ్గించి అన్నాడు. "మిషన్ మీద అనంతమ్మగారికి ఐదు పాయింట్ రెండే పడిందండి. నేను చూశాను."

"బాపు ఎంతన్నడు?"

"ఆరు పాయింట్ రెండు." గొంతు ఇంకా తగ్గించి, "నాన్నగారికి కళ్లద్దాలు మార్చాలేమోనండి," అన్నాడు.

నమ్మాలనిపించింది. నమ్మే ముందు వినాలి కదా. పది రోజులు విన్నాను. పొద్దున ఇరవై మంది, సాయంత్రం ఇరవై మంది, అన్ని అంకెలూ నా తలలో ఉండిపోతాయి, నాకు కాగితం అలవాటు లేదు. మా సొంత బర్రెల పాలు మా అమ్మ పోస్తుంది, రెండు చెవుల్లో ఒకటే. తేడా వచ్చేది ముగ్గురికే. అనంతమ్మకు ఎప్పుడూ ఒకటి ఎక్కువ. కాలు విరిగి మంచాన పడ్డ కిష్టా ఇంటి పాలు, రెండు లీటర్లు, వాటికీ ఒకటి ఎక్కువ. రాంచంద్రకు పాయింట్ రెండు తక్కువ, మా లెక్కలో రెండు పాయింట్లు. కళ్లద్దాలు మనుషులను ఏరవు.

పదకొండో రోజు, బాపు నల్లా దగ్గర డబ్బాలు తోముతుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"బాపూ, అనంతమ్మత్త పాలు ఐదు. నువ్వు ఆరంటవ్."

పీచు రాపిడి ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"కంప్యూటరే. ఆ గడికి సుత శ్యామ్ పేరు పెట్టిండు గదా."

"ముసల్ది బిడ్డా. దాని బర్రె సుత ముసల్దే. ఐదంటె చీటీల ఏమొస్తది దానికి?"

"రాంచంద్ర కాకకు కోసినవ్."

"ఇరవై లీటర్ల మీద రెండు పాయింట్లు. ఆయనకు తెల్వను సుత తెల్వది. ఆ రెండిట్ల అనంతమ్మకు ఒకటి, కిష్టాకు ఒకటి పూర్తిగ లేస్తది. లెక్కేస్కో. డబ్బా మొత్తం కలిపి పరీక్ష చేసినా కంపెనీకి సరిపోతది. ఒక్క చుక్క మన ఇంట్లకు రాలే."

లెక్కేసుకున్నాను. సరిపోయింది. కోపం వస్తూనే, ఎంత ఒడుపుగా చేశాడా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

"మూడేండ్లు నా చేతులతోనే కొట్టించినవ్."

"నీకు చెప్తె ఊకుంటవా?"

"దసరా తర్వాత అంకె నేరుగ పోతది. అప్పుడేం చెప్తవ్ అత్తకు?"

"కొత్త సాఫ్ట్‌వేర్ తక్కువ చూపెడ్తుందని చెప్త. అందరు నమ్ముతరు. కొత్తదాన్ని ఎవలైన అంటరు."

మూడు నెలలు కొట్లాడి మాట నేర్పించిన దాన్ని, మొదటి రోజే అబద్ధాలకోరును చేస్తాడట. దాని ముందు కూర్చున్న నన్ను కూడా. నోటి దాకా వచ్చింది ఒకటి, బయటికొచ్చింది మరొకటి.

"నాకు సుత గట్లనే చెప్పినవా బాపు? చిన్నప్పటి సంది నువ్వే గదా నాకు అన్ని చూసి చెప్పింది. నాకు ఏమేం ఎక్కువేసి చెప్పినవ్?"

బాపు నల్లా తిప్పాడు. నీళ్లు ఖాళీ డబ్బా అడుగున పడి పెద్దగా మోగాయి, నిండే కొద్దీ చప్పుడు తగ్గింది, నిండాక పొర్లింది. అయినా కట్టలేదు. నేనే చెయ్యి చాపి కట్టాను. మళ్లీ అడగలేదు.

మరునాడు కర్ర పట్టుకుని అనంతమ్మ ఇంటికి నేనే పోయాను. మెత్తగా చెప్పడం నాకు రాదు, ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీళ్లు కలుపుతున్న అంటున్నవా?" అన్నది ముందు.

"లేదత్తా. నీ పాలు నీళ్లు కలపకుండనే ఐదు ఒకటి. బాపు ఆరు ఒకటని చెప్పుకుంట వచ్చిండు."

"ఎన్నొద్దుల సంది?"

"నాకు తెలిసి మూడేండ్లు."

ఆమె చేతిలోని చాట కింద పెట్టింది.

"నన్ను అడిగిండా మీ బాపు?" అన్నది. "ఐదని చెప్తె దాణా మారుస్తుంటి గదనే. కడుపుల పురుగులున్నయేమో, పశువుల డాక్టర్‌కు చూపిస్తుంటి గద. ఆరు, ఆరు అనబట్టె. నా బర్రెకేం తక్కువ, మంచిగనే ఉన్నదనుకుంటి. మూడేండ్లు దాన్ని గట్లనే ఉంచితి."

"అత్తా..."

"పో బిడ్డా. ఇప్పుడు నాతోని మాట్లాడకు."

ఆ సాయంత్రం నుంచి ఆమె పాలు తేవడం మానేసింది. ఇంటింటికీ తిరిగి పావు, అర్ధ పావు అమ్ముకుంటున్నదని తెలిసింది. "సాలు నీ నిజం," అన్నది మా అమ్మ. "ముసల్దాన్ని గడపగడపకు తిప్పుతున్నవ్."

సద్దుల బతుకమ్మకు ముందు రోజు పరమేష్ సారు పరీక్షకు వచ్చాడు. ముందురోజు సాయంత్రమే బాపుకు చెప్పాను: రేపు ఇయర్‌ఫోన్ పెట్టను, స్పీకరే. కంప్యూటర్ చెప్పింది అందరూ వింటారు. కొత్తది తప్పు చెబుతుందని నువ్వంటే, లైనులోనే కాదంటాను.

లైను కదిలింది. నేను చదివే వేగం అందరికీ అందదు కాబట్టి మామూలు మాట వేగానికి తగ్గించాను. నాకు నత్తతో నడిచినట్టుంది. గిన్నె మిషన్ కింద పెట్టడం, పేరు ఎక్కించడం, చీటీ చింపివ్వడం, అన్నీ నేనే. బాపు గోడ దగ్గర నిలబడ్డాడు, దగ్గు తెలుస్తూ ఉంది. అంకె పైకి వినబడే కొద్దీ లైనులో గుసగుసలు మొదలయ్యాయి. చీటీ చదవరాని ఆడవాళ్లు ఒకరి అంకె ఒకరు అప్పజెప్పుకుంటున్నారు. "నీది ఆరున్నరనా వదినె, ఏం పెడ్తున్నవ్ బర్రెకు?" "అడిగితె చెప్తనా?"

రాంచంద్ర డబ్బాలు దిగాయి.

"రాంచంద్ర. ఇరవై లీటర్లు. ఫ్యాట్, ఏడు పాయింట్ ఒకటి."

"ఏమన్నది?" అన్నాడు రాంచంద్ర.

మీట నొక్కి మళ్లీ చదివించాను. ఏడు పాయింట్ ఒకటి.

"ఇది తప్పన్న చెప్తుండాలె, లేకుంటె నా బర్రెలకు దయ్యమన్న పట్టుండాలె. మూడేండ్ల సంది ఒక్కనాడు ఏడు దాటలే."

బాపు గోడ వదిలి నడిచిన చెప్పుల చప్పుడు విన్నాను.

"అది తప్పు చెప్తలేదు రాంచంద్రా," అన్నాడు. "తప్పు చెప్పింది నేను. రెండు పాయింట్లు తీసి చెప్పిన, ఇన్నొద్దులు. నీదాంట్లకెళ్లి తీసి, లేనోళ్లకు ఏసిన."

పరమేష్ సారు లేచాడు. "లింగస్వామీ, ఏం మాట్లాడుతున్నవ్? ఇది కంపెనీకి తెలిస్తె..."

"సారూ, జర ఆగు," అన్నాడు రాంచంద్ర. "నా పాలు, నా లొల్లి." బాపుకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మా బామ్మర్ది బర్రెలు ఏడు దాటినయని యాచారం ఊరంతా చెప్పుకుంటుండు. నావి దాటలేవని ప్రతి పెండ్లిల, ప్రతి సావుల నన్ను ఎక్కిరిచ్చిండు. గడ్డి మార్చిన. డాక్టర్‌ను మార్చిన. ఆ నల్ల బర్రెను కట్టెతోని కొట్టిన లింగస్వామీ. దాని కాళ్లు ఎవలు మొక్కాలె ఇప్పుడు, నేనా, నువ్వా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాపు నవ్వలేదు.

"కేంద్రం తీస్కపో రాంచంద్రా. నాకు ఇయ్యమనే మొకం లేదు."

"తీస్కపోయి?" అన్నాడు రాంచంద్ర. "నా షెడ్డుల, నా కోడలు కూసుండి, నా పాలు ఏడని చీటీ రాసిస్తె, మా బామ్మర్ది కాదు, మా ఇంటి కుక్క సుత నమ్మది. ఈడనే ఉండనియ్యి. ఈ పిల్ల చూడది, మొకం చూసి ఎక్కియ్యది, తగ్గియ్యది. ఆ మాట్లాడే డబ్బా పదిమందిల ఒర్రుతది. నాకు గదే కావాలె." ఆగి, "కాని నువ్వు మిషన్ కాడికి రావద్దు. ఇయ్యాలటి సంది వద్దు," అన్నాడు.

పరమేష్ సారు ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కేంద్రం మాత్రం ఇక్కడే ఉంది. మూడేళ్లకు నీకు ఏం కట్టియ్యాలె అని బాపు అడిగితే, రాంచంద్ర ఆ నల్ల బర్రెకు ఒక బస్తా పల్లిచెక్క దాణా తెచ్చిపెట్టమన్నాడట. బాపు మోసుకుపోయాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కుర్చీలు మారాయి. గిన్నె పెట్టేది, అంకె వినిపించేది, తగువొస్తే తీర్చేది నేను. బాపు పెద్ద డబ్బా దగ్గర నిలబడి, చదవడమైపోయిన పాలను అందులో పోయించుకుంటాడు. పదిహేనేళ్లు ఈ గది నడిపిన మనిషి. మొదటి వారం నాతో లీటర్ల మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఒకరోజు మందుల చీటీ తెచ్చి చదివి వినిపించాడు. ఒక్కో మాత్ర పేరు, ఎన్ని పూటలో, చివరికి డాక్టర్ సంతకం అర్థం కావట్లేదని కూడా చెప్పాడు. ఇంతకుముందు, "బలానికి గోలీలు," అని ఊరుకునేవాడు.

దసరా పోయిన తొమ్మిదో రోజు పొద్దున, లైను సగముండగా, అనంతమ్మ అత్త గొంతు వినబడింది. ముందుకు రమ్మని ఎవరో జరిగితే, "నా వంతుకే వస్త," అన్నది.

వంతు వచ్చింది. గిన్నె పెట్టాను. మిషన్ గుర్రుమని తిరుగుతున్నంతసేపు నా వేళ్లు మీట మీదే ఉన్నాయి. సౌండ్ తగ్గించాలా అని ఒక్క క్షణం అనుకున్నాను. తగ్గించలేదు.

"అనంతమ్మ. రెండు లీటర్లు. ఫ్యాట్, ఐదు పాయింట్ నాలుగు."

"మల్ల చదివియ్యి," అన్నది.

చదివించాను.

"జల్ది కానియ్యే ముసల్దానా, బస్సు పోతది," అన్నారు వెనక నుంచి.

"పోనియ్యి. నా పాలు నేను ఇనద్దా?" అన్నది. ఆ తర్వాత నాతో, కొంచెం తగ్గి, "పురుగుల మందు తాపిన. పొద్దుమీకి పచ్చిగడ్డి పెడ్తున్న. మొన్న ఐదు ఒకటనే గద అన్నవు?"

"అవ్ అత్తా. ఐదు ఒకటి."

"మూడు పెరిగింది."

"మూడు పెరిగింది."

చీటీ చింపిచ్చాను. ఆమె తీసుకుని నాలుగడుగులు వేసి బాపు ముందు ఆగింది. బాపు డబ్బా మూత తీసి పట్టుకున్న చప్పుడైంది.

"ఐదు పాయింట్ నాలుగు," అన్నది అనంతమ్మ. "పోస్కో లింగస్వామీ."